జనరల్ గారి పేరు పండుగ

గసగసాలు నూరే చప్పుడు దాచడం ఎంత కష్టమో హొనొరాతాకి ఆ రోజే తెలిసింది. మట్టి గిన్నె కింద మడతపెట్టిన కంబళి వేసింది. తలుపు సందులో పాత గుడ్డలు కుక్కింది. కిటికీ కూడా మూసింది. అయినా కర్ర రోకలి తిప్పినప్పుడల్లా ఆ గరగర గోడలోంచి దూరి, పక్క వాటాలో పెలాగియా చెవిలోకి నేరుగా పోతున్నట్టే అనిపించింది. పెలాగియా చెవులు అలాంటివి మరి. పై అంతస్తులో ఎవరి పాలు పొంగినా ముందు కనిపెట్టేది ఆవిడే.

అది అక్టోబరు ఇరవై ఎనిమిది. పిండి మీద గసగసాలు పరిచి చుట్టి కాల్చే గసగసాల చుట్ట క్రిస్మస్‌కి చేసుకునే తీపి. అక్టోబరులో గసగసాలు నూరే ఆడమనిషిని చూస్తే ఎవరైనా అడిగే మాట ఒకటే: ఇవాళ మీ ఇంట్లో పేరు పండుగ ఎవరిది?

పుట్టినరోజులు చిన్నపిల్లలకి. పెద్దవాళ్ళకి పేరు పండుగే. ఏ పునీతుడి పేరు పెట్టుకుంటే ఆ పునీతుడి రోజు. క్యాలెండరులో తేదీ కింద ఆ పేరు అచ్చేసి ఉంటుంది కాబట్టి మరిచిపోయామని తప్పించుకోవడానికి లేదు. పిలుపులూ ఉండవు. తెలిసిన ప్రతివాడూ పూలో సీసానో పట్టుకుని వచ్చేస్తాడు, ఇంటివాళ్ళు బల్ల నింపి కూర్చోవాలి. ఆ రోజు క్యాలెండరులో ఉన్న పేర్లు రెండు, షిమోన్, తదేయుష్. ఆ భవనంలో షిమోన్ అనేవాడు లేడు. తదేయుష్ ఒకడున్నాడు. ఆ సంగతి హొనొరాతాకీ ఆ తదేయుష్‌కీ తప్ప మూడో మనిషికి తెలియదు. తెలిస్తే అతని ప్రాణం దక్కదు.

అతను హొనొరాతా కన్నకొడుకు. భవనంలో వాళ్ళకి మాత్రం లుద్విక్, ఆవిడ మేనల్లుడు. చక్కెర ఫ్యాక్టరీలో బీట్‌రూట్ బండ్లు దించే మనిషి, మితభాషి, మంచివాడు. అసలు లుద్విక్ యుద్ధంలో జర్మన్ల దగ్గర వెట్టిచాకిరీకి పోయి అక్కడే జ్వరంతో చచ్చిపోయాడు. అతని జ్ఞానస్నానపు కాగితం హొనొరాతా దగ్గర ఉండిపోయింది. అడవిలో ఉండి జర్మన్ల మీద పోరాడి, యుద్ధం అయ్యాక కూడా ఆ అడవి వదలని వాళ్ళలో తదేయుష్ ఒకడు. రష్యావాళ్ళు నిలబెట్టిన కొత్త ప్రభుత్వం వాళ్ళు అతని నాయకుణ్ణి పట్టుకుని కాల్చేశారు, మిగిలినవాళ్ళ పేర్లు గోడలకి అంటించారు. తల్లీకొడుకులు ఆ గోడలకి దూరంగా, దేశానికి ఆ చివర, జర్మన్లు ఖాళీ చేసి పోయిన ఈ పడమటి ఊరికి వచ్చి పడ్డారు. ఇక్కడ అందరూ వలస వచ్చినవాళ్ళే. ఎవడు ఏం చెప్పుకుంటే అదే వాడి గతం. ఇంతకన్నా మంచి చోటు దొరకదనుకుంది హొనొరాతా. తీరా ఇల్లు కేటాయించిన గుమాస్తా రాసిచ్చిన వీధి పేరు చూస్తే తదేయుష్ కొష్చుష్కో వీధి! పోయిపోయి కొడుకు పేరున్న వీధిలోనే పడ్డాం కదా అని ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదువుకుంది.

ఆ పేరు పెట్టింది కూడా ఆ కొష్చుష్కోని తలుచుకునే. హొనొరాతా భర్త ఇగ్నాత్సీ రైల్వేలో పనిచేసేవాడు. పందొమ్మిదివందల ఇరవైలో రష్యావాళ్ళతో యుద్ధానికి పోతూ ఆవిడ కడుపు మీద చెయ్యి వేసి, "మగపిల్లాడైతే తదేయుష్ అని పెట్టు. ఇంకో మాట లేదు," అని రైలెక్కాడు. మళ్ళీ రాలేదు. బిడ్డ తండ్రి మొహం చూడలేదు. తండ్రి ఇచ్చిపోయిన ఆస్తి ఆ పేరొక్కటే. నాలుగేళ్ళుగా ఆ ఆస్తిని తల్లే తొక్కిపెట్టింది. ఒంటరిగా ఉన్నా, తలుపు గడియ వేసున్నా లుద్విక్ అనే పిలిచేది. అతని చేత అత్తా అనే పిలిపించుకునేది. ఇంట్లో ఒకలా, బయట ఒకలా పిలుచుకుంటే ఏదో ఒకనాడు నోరు జారుతుందని ఆవిడ భయం. ఆ భయం అబద్ధమూ కాదు.

మరి ఇంత జాగ్రత్త గల మనిషి ఈ ఏడాది గసగసాలెందుకు నూరింది? బుద్ధి గడ్డి తిని. కిందటి ఆదివారం అతను గడ్డం గీసుకుంటూ అద్దంలోకి చూసి, "అత్తా, ఒక్కోసారి నిద్రలో ఎవరో నన్ను నా పేరుతో పిలిస్తే ఎవర్నో పిలుస్తున్నారనుకుంటున్నా," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆవిడకి మాత్రం ఆ మాట మనసులోంచి పోలేదు. నోటితో పిలవలేకపోయినా, వాడి రోజున వాడికిష్టమైన తీపి కంచంలో పెడితే వాడికే అర్థమవుతుంది కదా అనుకుంది. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు.

చుట్ట పొయ్యిలోకి వెళ్ళిందో లేదో తలుపు చప్పుడైంది.

"హొనొరాతా గారూ, ఏంటండీ ఆ గరగర? గోడ తవ్వి మా ఇంట్లోకి వచ్చేస్తున్నారేమో అనుకున్నా!" పెలాగియా అప్పటికే సగం లోపలికి వచ్చేసింది. పొట్టి మనిషి, భుజాల మీద ఎప్పుడూ ఒక ఊలు శాలువా ఉంటుంది. ముక్కు ఒకసారి ఎగబీల్చింది. "అమ్మమ్మమ్మ! గసగసాలు!"

"కాసిని మిగిలిపోయినవి ఉంటే..."

"కిందటి క్రిస్మస్‌వా? పురుగు పట్టవూ? నాతో చెప్తారేంటండీ. మొన్న సంతలో మీరు కొత్తవి కొంటుంటే నేను పక్కనే ఉన్నానుగా." ఆవిడ చూపు గోడ మీది క్యాలెండరుకి పోయింది. "ఆగండాగండి. ఇవాళ ఇరవై ఎనిమిది. షిమోన్, తదేయుష్. మీవాళ్ళలో తదేయుష్ ఎవరండీ? ఎప్పుడూ చెప్పనే లేదు!"

హొనొరాతా బల్ల మీది పిండి తుడుస్తూ ఆలోచించింది. పోయిన మొగుడని చెబుదామంటే, ప్రతి నవంబరులో ఇగ్నాత్సీ పేరున దీపం వెలిగించేటప్పుడు ఈ పెలాగియాయే పక్కన నిలబడి అగ్గిపుల్ల గీసిచ్చింది. అన్న అని చెబుదామంటే, లుద్విక్ తండ్రికి కాయెతాన్ అని ఎప్పుడో పేరు పెట్టి చెప్పేసింది. తండ్రి, మామగారు, మేనమామ, అందర్నీ ఏదో ఒక కబురులో వాడేసింది. అబద్ధాలు చెప్పుకుని బతికేవాళ్ళకి వచ్చే చిక్కే ఇది. కొత్తది కావాల్సిన రోజున పాతవన్నీ దారికి అడ్డం నిలబడతాయి. దిక్కు తోచక కిటికీలోంచి చూసింది. ఎదుటి గోడకి నీలం రేకు మీద తెల్లటి అక్షరాలు.

"మావాళ్ళెవరూ కాదు. జనరల్ గారిది."

"ఏ జనరల్ గారు?"

"బాగుందండీ, మూడేళ్ళుగా ఆయన వీధిలో కాపురముంటూ ఏ జనరల్ అంటారే! తదేయుష్ కొష్చుష్కో గారిది. మా ఊళ్ళో ఈ రోజున ఆయన పేరు చెప్పుకుని ఏదో ఒక తీపి చేసేవాళ్ళం. మా నాన్న హయాం నుంచీ అలవాటు."

అన్నాక ఆవిడకే అనుమానం వచ్చింది. ఎవరైనా నమ్ముతారా దీన్ని? పెలాగియా మాత్రం శాలువా కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిప్పుకుంది. "ఎంత మంచి అలవాటండీ! మా ఎల్వూఫ్‌లో నేను చదివిన బడి పేరు కూడా ఆయనదే. ఇప్పుడు ఆ ఊరూ రష్యావాళ్ళదే, ఆ బడీ వాళ్ళదే," అంది. "ఒక్కరే చేసుకుంటున్నారా ఇంత పండుగ? తప్పండీ. వాలెంతి గారికి తెలిస్తే ఎంత సంతోషిస్తారో!"

"వద్దండీ, ఏదో నా పిచ్చి..."

పెలాగియా అప్పటికే మెట్లు దిగుతోంది.

ఆ పేరుకున్న బలమే అది, ఎవరూ కాదనలేరు. నూట యాభై ఏళ్ళ కిందట పొలం పని చేసుకునే వాళ్ళకి కొడవళ్ళిచ్చి జార్ ఫిరంగుల మీదికి నడిపించిన మనిషి. అంతకు ముందు సముద్రం దాటి అమెరికా వాళ్ళ స్వాతంత్ర్యం కోసం కూడా పోరాడి వచ్చాడు. చివరికి ఓడిపోయాడు, పరాయి దేశంలో పోయాడు. అయినా బళ్ళకీ వీధులకీ ఆయన పేరే. ఇగ్నాత్సీ ఉన్న సైనికుల బసలో ఆయన పటమే. రష్యా వైపు నుంచి వచ్చిన కొత్త సైన్యంలో మొదటి డివిజనుకీ ఆయన పేరే. అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు కాల్చుకున్నప్పుడు కూడా ఆ పేరు చెప్పుకునే కాల్చుకున్నారు. దేశంలో ఎవరైనా ఎత్తుకోగలిగిన పేరు అది, హొనొరాతా కొడుకు తప్ప.

భవనం కమిటీ పెద్ద వాలెంతి ఆ డివిజనులోనే నడిచి వచ్చినవాడు. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. ఎదుటి గోడకి ఆ నీలం రేకు మేకులు కొట్టి తగిలించింది కూడా ఆయనే. పది నిమిషాల్లో రొప్పుతూ మెట్లెక్కి వచ్చి, హొనొరాతా రెండు చేతులూ ముద్దు పెట్టుకున్నాడు.

"హొనొరాతా గారూ, సిగ్గుతో చచ్చిపోతున్నానండీ. ఆయన పేరు భుజాన వేసుకుని అంత దూరం నడిచానే, ఆయన పేరు పండుగ ఎప్పుడో ఒక్కనాడు తలుచుకున్నానా? మీరు చెప్పాలా నాకు? సాయంత్రం అయిదింటికి అందరం వస్తున్నాం. కుర్చీలు నావి, సీసా నాది. మీరు ఊరికే కూర్చోండి చాలు."

"ఇల్లు చిన్నదండీ..."

"మా కందకం ఇంతకన్నా చిన్నది," అని ఆయన దిగిపోయాడు.

కొడుకు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి గదిలో ఎనిమిది కుర్చీలున్నాయి, బల్ల మీద దుప్పటి పరిచి ఉంది. గుమ్మంలోనే ఆగిపోయి వాసన చూశాడు. మొహం ఒక్కసారి చిన్నపిల్లాడిదైంది. ఆ మరుక్షణం కుర్చీలు చూసి పాలిపోయింది.

ఆవిడ అతన్ని వంటపొయ్యి దగ్గరికి లాక్కుపోయి, కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు చాటున జరిగిందంతా చెప్పింది. విని అతను నవ్వాడు. చాలా కాలానికి అలా నవ్వాడు, భుజాలు కదిలేట్టు.

"జనరల్ గారిదా? భలే చెప్పావత్తా."

"నవ్వకు. నా పైప్రాణాలు పైనే పోతున్నాయి. నువ్వెక్కడికైనా వెళ్ళిపోరాదూ? రాత్రి షిఫ్టుందని చెబుతా."

"ఇప్పుడే మెట్ల మీద వాలెంతి ఎదురయ్యాడు, షిఫ్టు లేదని చెప్పేశా. ఇప్పుడు పోతే బాగుండదు." తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు. "కింద వాటా షెలిగా కూడా వస్తాడా?"

ఆ మాటకి ఆవిడ చేతిలోని పళ్ళెం పక్కన పెట్టేసింది. కింద వాటాలో ఒంటరిగా ఉండే షెలిగా ఎక్కడ పనిచేస్తాడో ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు. ఉన్నట్టుండి రెండు మూడు రోజులు కనిపించడు. మంచి బూట్లు వేసుకుంటాడు. ఎవరితోనైనా నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడతాడు. పోయిన ఆగస్టులో లుద్విక్ పేరు పండుగ చేశారు. చెయ్యకపోతే అనుమానం కదా, అందుకని ఏటా చేసేవాళ్ళు. ఆ రోజు అందరూ గ్లాసులెత్తి లుద్విక్, లుద్విక్ అంటుంటే అతను పరధ్యానంగా కిటికీలోకి చూస్తూ కూర్చున్నాడు. మూడోసారికి గానీ పలకలేదు. అందరూ నవ్వేశారు. షెలిగా నవ్వలేదు.

"పిలుపులుండవుగా," అంది ఆవిడ. "ఎవర్ని రావద్దంటాం?"

షెలిగా వచ్చాడు. చేతిలో తెల్ల చామంతులు కూడా తెచ్చాడు. వాలెంతి పత్రికలోంచి కత్తిరించిన జనరల్ గారి బొమ్మని అట్టకి అంటించి తెచ్చి, ఉప్పు సీసాకి ఆనించి బల్ల మధ్య నిలబెట్టాడు. పెలాగియా ఊరగాయ దోసకాయలు తెచ్చింది. పై అంతస్తు మొగుడూపెళ్ళాలు ఉప్పు చేప తెచ్చారు. హొనొరాతా గసగసాల చుట్ట ముక్కలు కోసింది. మొదటి ముక్క, కొస ముక్క, గసగసాలు దండిగా ఉండేది, అలవాటుగా కొడుకు పళ్ళెం వైపు పోయింది. సగంలో గుర్తొచ్చి షెలిగా పళ్ళెంలో వేసింది.

"ఇంత మంచి ముక్క నాకా?" అన్నాడు షెలిగా.

"పూలు తెచ్చినవాళ్ళకి మర్యాద," అంది ఆవిడ. ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు.

వాలెంతి లేచి గ్లాసెత్తాడు. కొడవళ్ళ గురించి రెండు మాటలు, తన డివిజను గురించి ఇరవై మాటలు చెప్పాడు. మధ్యలో ఆపేసి బొమ్మ వైపు తిరిగి సెల్యూట్ చేశాడు. అందరూ లేచారు. పాట ఎత్తుకోవాల్సిన చోట ఎవరూ ఎత్తుకోలేదు. పేరు పండుగలో పాడేది నిండు నూరేళ్ళు బతకమని. ఎప్పుడో పోయిన జనరల్ గారిని నూరేళ్ళు బతకమని ఎలా పాడతారు? పై అంతస్తాయన కిసుక్కుమన్నాడు. పెలాగియా అతని వైపు కొరకొరా చూసింది.

"ఇంత ఆలోచన ఎందుకండీ," అన్నాడు షెలిగా, సిగరెట్టు పళ్ళెం అంచుకి ఆనించి. "పండుగ అన్నాక పండుగ మనిషి ఉండాలిగా. ఎవరో ఒకర్ని ఆ కుర్చీలో కూర్చోబెడదాం. ఈ పూటకి వాళ్ళే తదేయుష్. అందరం వెళ్ళి పేరు పెట్టి పిలిచి శుభం చెబుదాం. ఏమంటారు?"

"భేష్!" అన్నాడు వాలెంతి. "నేనే కూర్చునేవాణ్ణి గానీ, రెండు వేళ్ళు లేవు, పైగా బట్టతల. జనరల్ గారికి అవమానం. కుర్రాణ్ణి చూడండి."

"లుద్విక్ ఉన్నాడుగా," అన్నాడు షెలిగా మెత్తగా.

హొనొరాతా కత్తి కింద పెట్టింది. బల్ల అంచు పట్టుకుంది. ఇది ఆటేనా? లేక అన్నీ తెలిసే వల వేశాడా? తెలిసి ఉంటే ఆట దేనికి, నలుగురితో వచ్చి తలుపు తన్నేవాడు కదా. తెలియకపోతే లుద్వికే ఎందుకు? కాదంటే ఏమవుతుంది? ఏ మేనత్త అయినా ఈ ముచ్చటకి కాదంటుందా? తలుపు దగ్గర నిలబడ్డ కొడుకు ఆవిడ కళ్ళలోకి ఒక్క క్షణం చూశాడు. తర్వాత నవ్వు మొహం పెట్టుకుని వచ్చి బల్ల చివర కుర్చీలో కూర్చున్నాడు. వాలెంతి తన పాత సైనిక టోపీ తీసి అతని నెత్తిన పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక వరస మొదలైంది. ముందు వాలెంతి వెళ్ళి వంగి రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుని, "తదేయుష్, ఆరోగ్యంగా ఉండు బాబూ, పెళ్ళి చేసుకో," అన్నాడు. "జనరల్ గారికి పెళ్ళి కాలేదండీ," అని ఎవరో అంటే, "అందుకే ఓడిపోయాడు!" అన్నాడు. గది గొల్లుమంది. పెలాగియా వెళ్ళి అతని చెయ్యి రెండు చేతుల్లో పట్టుకుని, "తదేయుష్, నాయనా, మన ఎల్వూఫ్ మళ్ళీ..." అని, షెలిగా ఉన్నాడని గుర్తొచ్చి, "అదే, అందరం చల్లగా ఉండాలి," అని ముగించింది. పై అంతస్తు మొగుడూ తదేయుష్ అన్నాడు, పెళ్ళామూ తదేయుష్ అంది.

హొనొరాతా వింటోంది. నాలుగేళ్ళుగా ఆ పేరు వీధి రేకు మీద, ఉత్తరాల చిరునామాలో, రేడియోలో వింటూనే ఉంది గానీ, వాడి మొహం చూస్తూ వాణ్ణి పిలుస్తుంటే వినడం ఇదే. మొదటి పిలుపుకి వాడి భుజాలు బిగుసుకున్నాయి. రెండో పిలుపుకి సడలాయి. మూడో పిలుపుకి టోపీ కింద వాడి కళ్ళు తడిశాయి. అందరూ అది నవ్వుతో వచ్చిన తడి అనుకున్నారు. ఆవిడకి ఆ ఏడుపు తెలుసు. పంటి నొప్పి వస్తే చిన్నప్పుడు అలాగే ఏడ్చేవాడు, చప్పుడు చెయ్యకుండా.

షెలిగా కూడా లేచి వెళ్ళాడు. "తదేయుష్ గారూ," అన్నాడు ఒక్కో అక్షరం నెమ్మదిగా, "ఆగస్టులోకంటే ఇవాళ త్వరగా పలుకుతున్నారు."

"ఆగస్టులో తాగింది ఎక్కువండీ," అన్నాడతను.

మళ్ళీ నవ్వులు. షెలిగా కూడా నవ్వి వచ్చి తన చోట కూర్చున్నాడు. కూర్చున్నాక మాత్రం కుర్రాడి వైపు చూడలేదు. హొనొరాతా వైపు తిరిగాడు. "అత్తగారొక్కరే మిగిలారు," అన్నాడు.

అవును, ఆవిడ వంతే. బల్ల ఇటు చివరి నుంచి అటు చివరికి నడవాలి. నడుస్తుంటే భయం ఉంది గానీ, దాని వెనకే ఇంకోటి ఉప్పొంగుతోంది. ఇవాళ అనొచ్చు. అందరిముందూ గట్టిగా అనొచ్చు. అనకపోతేనే తప్పు. తదేయుష్, నా తండ్రీ, నూరేళ్ళు బతుకు అనొచ్చు. నాలుగేళ్ళుగా గొంతులో ఆపుకున్నదంతా ఈ ఒక్క మాటతో ఆటలో కలిపి దింపేసుకోవచ్చు. మాటలు లోలోపల పేర్చుకుంది. అతని ముందు నిలబడింది. అతను తలెత్తి చూస్తున్నాడు, ఆకలితో కంచం ముందు కూర్చున్నవాడిలా. ఆవిడ వంగి అతని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

"లుద్విక్," అంది, "నూరేళ్ళు బతుకు నాయనా."

అందరూ ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. "పండుగ పెట్టిందే ఆవిడ, పేరు మరిచిపోయిందీ ఆవిడే!" అని పెలాగియా పొట్ట పట్టుకుంది. "జనరల్ గారూ, మీ అత్తగారు మిమ్మల్ని పదవిలోంచి దింపేశారు!" అని వాలెంతి కళ్ళు తుడుచుకున్నాడు. హొనొరాతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ కావాలని అనలేదు. జాగ్రత్త కోసమూ అనలేదు. అనాలనుకున్న మాట నాలుక మీదికి రాలేదు, అంతే. ఆ చోట ఈ పేరే ఉంది.

షెలిగా ఆవిడ నోటికేసి చూస్తున్నాడు. ఇంతసేపూ అక్కడికే చూస్తున్నాడని ఆవిడకి అప్పుడు తెలిసింది. ఆయన సిగరెట్టు ఆర్పేశాడు, కుర్చీలో వెనక్కి వాలాడు. ఏదో పని తేలిపోయిన మనిషిలా పెలాగియా వైపు తిరిగి, "ఆ దోసకాయలు ఇలా ఇవ్వండి, బాగున్నాయి," అన్నాడు.

వాళ్ళంతా వెళ్ళాక కొడుకు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఆవిడ గిన్నెలు కడుగుతోంది. కుళాయి మళ్ళీ తిప్పే ఉంచింది.

"ఆయన నీకోసమే ఆ ఆట పెట్టాడు," అన్నాడతను మెల్లగా. "నేను కాదు, నువ్వు దొరుకుతావనుకున్నాడు."

"తెలుసు."

"నువ్వు ఆ పేరు అని ఉంటే నీ గొంతే చెప్పేసేది. బతికించావత్తా."

"బతికించానా?" ఆవిడ వెనక్కి తిరగలేదు. "నేను అందామనే వచ్చానురా. ఒట్టు. రాలేదు. నోటికి రాలేదు."

అతను ఆవిడ చేతిలోంచి తడి పళ్ళెం తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. మిగిలిన గసగసాల ముక్క ఒకటి బల్ల మీద ఉంటే ఆవిడ దాన్ని అతని ముందుకి తోసింది. అతను నిలబడే తిన్నాడు, మొత్తం.

తెల్లారేసరికి భవనమంతా అదే కబురు. ఆటలో పెట్టిన పేరు అంటుకుపోయింది. ఇలాంటివి ఒకసారి అంటుకుంటే పెట్టినవాళ్ళు వద్దన్నా పోవు. బొగ్గు బండి వచ్చిందని వాలెంతి ఆవరణలోంచి కేకేశాడు, "తదేయుష్! జనరల్ గారూ! దిగండి, సైన్యం చలికి చస్తోంది!" పై అంతస్తావిడ కిటికీలోంచి, "తదేయుష్, మాకో రెండు బుట్టలు పైకి తేవా బాబూ," అంది. పెలాగియా మెట్ల మీద అదే పేరు, గేటు దగ్గర మంచి బూట్లు తుడుచుకుంటూ షెలిగా అదే పేరు. ఆయన ఇప్పుడది ఊరికే అన్నాడు, పక్కింటి కుర్రాణ్ణి ఆటపట్టించినట్టు. కొడుకు మెట్లు రెండేసి చొప్పున దిగి, ప్రతి పిలుపుకీ మొదటిసారికే "వస్తున్నా!" అని పలికాడు. యుద్ధానికి ముందటి గొంతు అది.

హొనొరాతా కిటికీ దగ్గర నిలబడి చూసింది. ఇకనుంచి ప్రతిరోజూ ఇలాగే పిలుస్తారు. మేనత్త ఒక్కర్తీ ఆ ఆటలో చేరకపోతే ఎవరూ తప్పు పట్టరు, పెద్దామె, మరిచిపోతుంది అనుకుంటారు. చేరితే మాత్రం, ఆ పేరు ఆవిడ నోట ఒక్కసారి వస్తే చాలు, కింద ఉన్నాయన చెవికి తేడా తెలిసిపోతుంది. వాడి పేరు వాడికి దక్కింది. అది పెట్టిన మనిషి తప్ప అందరూ వాణ్ణి ఆ పేరుతో పిలుస్తారు. ఆ సంగతి అర్థమయ్యాక ఆవిడకి ఏడవాలనిపించింది. ఏడవడానికి అది చోటు కాదు.

ఆవరణలో చలిగాలి వీస్తోంది. అతను మెడ బోసిగా, బొగ్గు బుట్ట భుజానికెత్తుకుంటున్నాడు. ఆవిడ కిటికీ తెరిచింది.

"లుద్విక్!" అని కేకేసింది. "మెడకి ఏదైనా చుట్టుకో!"

అందరూ పైకి చూసి నవ్వారు. అతను కూడా తలెత్తి చూశాడు. బుట్ట దించి, కాలరు పైకి లాక్కుని, "అలాగేనత్తా," అన్నాడు.